యుద్ధం వాళ్ళది, చావు మనది, మరి రహస్యం ఎవరిది?

(కార్యకర్తల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్ళల్లో ఒకప్పుడు కరణం ఉండేవాడు. కరణం కట్ట అనేది ఒకటుండేది. దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, చూడటానికీ వీల్లేదు. భూమి దున్నింది మన తాతలు. ఆ భూమి ఎవడి పేరున ఉందో తెలిసింది మాత్రం కరణానికి ఒక్కడికే. అడంగల్లో పేరు మారిపోయిందని తాతకి తెలిసేసరికి ఆ పొలంలో ఇంకొకడి నాగలి దిగేది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి గాని కట్ట ఎక్కడికీ పోలా. ఆఫీసు మారింది, బీరువా మారింది, తాళంచెవి ఉన్న చెయ్యి ఎవరిదో వాళ్ళదే అయింది.

కత్తి కంటే కర్ర కంటే ముందు మనల్ని కొట్టింది ఈ కట్ట. చదువు మనకి వొద్దన్నది కూడా అందుకే. చదివితే కాగితం అర్థమవుతుంది, అర్థమైతే అడుగుతాం. ఈ సంగతి మనకి పుట్టుకతోనే తెలుసు కాబట్టి, రాజ్యాలు యుద్ధం పేరుతో దాచిపెట్టే కాగితాల కథ మనకంటే బాగా అర్థమయ్యేవాళ్ళు ఉండరు. అందుకే ఇవాళ అమెరికా వియత్నాం మీద చేసిన యుద్ధం గురించి, దాంట్లో రహస్యం బయటపెట్టిన మనుషుల గురించి మాట్లాడుకుందాం.

లేని దాడి, ఉన్న యుద్ధం

1964 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. టాంకిన్ సింధుశాఖలో తమ యుద్ధనౌకల మీద ఉత్తర వియత్నాం పడవలు 2వ తారీఖున ఒకసారి, 4వ తారీఖున మళ్ళీ దాడి చేశాయని ఆ ప్రకటన సారాంశం. 2వ తారీఖున కాల్పులు జరిగిన మాట నిజమే. 4వ తారీఖున ఏ దాడీ లేదు. అయినా 7వ తారీఖుకల్లా వాళ్ళ పార్లమెంటు, దాన్ని కాంగ్రెస్ అంటారు, అధ్యక్షుడు జాన్సన్‌కి యుద్ధం చేసుకొమ్మని అధికారం రాసిచ్చేసింది. దిగువ సభలో 416 మంది సరేనన్నారు, వద్దన్నవాడు ఒక్కడూ లేడు. సెనేట్‌లో 88 మంది సరే, ఇద్దరు కాదు. ఆ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోదగినవి: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్.

4వ తారీఖున దాడి జరగలేదని అమెరికా గూఢచార సంస్థ సొంత చరిత్రకారుడు రాసిన పత్రం బయటికొచ్చింది 2005లో. అంటే 41 ఏళ్ళకి. ఈలోపల అమెరికా సైనికులు 58 వేల మందికి పైగా చచ్చిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం వాళ్ళ పోరాటయోధులు 11 లక్షల మంది, మామూలు జనం 20 లక్షల మంది చచ్చిపోయారు.

ఎవరు చచ్చారు? వియత్నాంలో వరి పండించే రైతులు, ఆడవాళ్ళు, పిల్లలు. అమెరికా వైపు చూస్తే పేద తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు. యుద్ధం మొదటి సంవత్సరాల్లో చనిపోయినవాళ్ళలో నల్లవాళ్ళ పాలు, జనాభాలో వాళ్ళ పాలు కంటే చాలా ఎక్కువ. పెద్దింటి పిల్లలు కాలేజీ చదువు సాకుతో తప్పించుకున్నారు. సైన్యానికి మనుషులు చాలక 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా ఒక పథకం తెచ్చాడు. పరీక్షలో తప్పినవాళ్ళని కూడా చేర్చుకుంటాం, వాళ్ళకి పని నేర్పి బాగుచేస్తాం అన్నాడు. ఆ దారిన మూడు లక్షల మందికి పైగా చేరారు, వాళ్ళలో దాదాపు నూటికి నలభై మంది నల్లవాళ్ళు. బడిలో సీటు ఇవ్వని దేశం కందకంలో చోటిచ్చింది. ఇది మనకి కొత్త మాటా?

మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో ఈ మాటే బహిరంగంగా అన్నాడు. సొంత ఊళ్ళో దొరకని స్వేచ్ఛని ఎనిమిది వేల మైళ్ళ దూరం పోయి ఇంకొకళ్ళకి తెచ్చిపెట్టమంటున్నారని. అదే నెలలో బాక్సర్ మహమ్మద్ అలీ నేను సైన్యంలో చేరను పొమ్మన్నాడు. బిరుదు లాక్కున్నారు, శిక్ష వేశారు. 1971లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. మన బొంబాయి దళిత్ పాంథర్లు 1972లో తమ పేరు పెట్టుకున్నది ఆ దేశపు నల్లజాతి పోరాటాన్ని చూసే. కాబట్టి ఇది మనకి పరాయి కథ కాదు.

ఏడు వేల పేజీలు

ఇక కాగితం దగ్గరికి వద్దాం. 1967లో ఆ మెక్‌నమారాయే, అసలు ఈ యుద్ధంలోకి ఎట్లా దిగామో రహస్యంగా చరిత్ర రాయమని పురమాయించాడు. 1945 నుంచి 1967 దాకా జరిగినదంతా 47 సంపుటాల్లో, దాదాపు 7,000 పేజీల్లో రాశారు. దాని మీద 'అతి రహస్యం' అని ముద్ర కొట్టి ఇనుప బీరువాలో పెట్టారు. అది రాసినవాళ్ళలో డేనియల్ ఎల్స్‌బర్గ్ ఒకడు. పెద్ద చదువు చదివాడు, సైన్యంలో పనిచేశాడు, యుద్ధం చేయాలని మొదట్లో నమ్మినవాడే. వియత్నాంలో రెండేళ్ళు తిరిగి కళ్ళారా చూశాడు. తర్వాత ఆ కట్ట మొత్తం చదివాడు. చదివాక మనిషి మారాడు.

ఏముంది ఆ కట్టలో? నలుగురు అధ్యక్షులు, ట్రూమన్, ఐసెన్‌హోవర్, కెన్నెడీ, జాన్సన్, వరసగా జనానికి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి చేశారని ఉంది. 1964 ఎన్నికల్లో నేను యుద్ధం పెంచనని ఓట్లడిగిన జాన్సన్ ప్రభుత్వం, అప్పటికే ఉత్తర వియత్నాం మీద బాంబులేసే పథకాలు తయారుచేస్తోందని ఉంది. రక్షణశాఖ పెద్ద అధికారి ఒకడు 1965లో రాసుకున్న లెక్క ఉంది. మేం ఈ యుద్ధం ఎందుకు చేస్తున్నాం అంటే, నూటికి 70 పాళ్ళు ఓడిపోయామన్న అవమానం తప్పించుకోడానికి, 20 పాళ్ళు చైనా చేతికి పోకుండా ఆపడానికి, 10 పాళ్ళు మాత్రమే దక్షిణ వియత్నాం జనం బాగుకోసం. బయట ఉపన్యాసాల్లో ఆ పదిపాళ్ళే నూరుపాళ్ళని చెప్పారు. ఒక్కసారి ఆలోచించండి. పరువుకోసం నూటికి డెబ్భై పాళ్ళు! పరువుకోసం మనుషుల్ని చంపడం ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

1969 అక్టోబరులో ఎల్స్‌బర్గ్, ఆయన స్నేహితుడు ఆంథొనీ రూసో ఆ కట్టల్ని రాత్రిళ్ళు బయటికి తెచ్చి, తెలిసినామె ఆఫీసులో ఉన్న జిరాక్సు మిషను మీద ఒక్కో పేజీ కాపీ తీశారు. ఎల్స్‌బర్గ్ పదమూడేళ్ళ కొడుకు కూడా ఒక చెయ్యివేశాడు. ముందు సెనేటర్ల దగ్గరికి పట్టుకెళ్ళాడు. యుద్ధం వద్దనే సెనేటర్లు కూడా ముట్టుకోడానికి భయపడ్డారు. చివరికి 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ అచ్చువేయడం మొదలుపెట్టింది. ప్రభుత్వం కోర్టుకి పోయి ఆపించింది. వాషింగ్టన్ పోస్ట్ అందుకుంది. దాన్నీ ఆపబోయారు. ఇంకో పత్రిక, ఇంకో పత్రిక, అట్లా డజనుకు పైగా పత్రికలు అందుకున్నాయి. జూన్ 29 రాత్రి మైక్ గ్రావెల్ అనే సెనేటరు, భవనాలు స్థలాల వ్యవహారాలు చూసే చిన్న ఉపసంఘం సమావేశం పెట్టి, ఆ పేజీలు ఏడుస్తూ చదివి రికార్డుకెక్కించాడు. మర్నాడు జూన్ 30న సుప్రీంకోర్టు 6-3తో పత్రికల పక్షాన తీర్పు చెప్పింది. అచ్చు కాకముందే ఆపాలంటే దానికి తగ్గ కారణం ప్రభుత్వం చూపించలేదు అన్నది.

ఎల్స్‌బర్గ్‌ని మాత్రం వదల్లా. అన్ని కేసులూ రుజువైతే 115 ఏళ్ళు జైలు. రూసో సాక్ష్యం చెప్పనన్నందుకు నెలన్నర జైల్లో పెట్టారు. ఎల్స్‌బర్గ్ పరువు తీయాలని అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ఆయన మానసిక వైద్యుడి ఆఫీసు తలుపులు పగలగొట్టి దూరారు. అది బయటపడి 1973 మే 11న జడ్జి కేసంతా కొట్టేశాడు. దేశభద్రత కాపాడతామన్నవాళ్ళు దొంగతనానికి పోయి దొరికారు, కాగితం ఇచ్చినవాడు ఇంటికి పోయాడు. ఆ 7,000 పేజీలూ పూర్తిగా ప్రభుత్వమే విడుదల చేసింది 2011లో. ఎల్స్‌బర్గ్ 2023లో చనిపోయాడు.

128 మంది శత్రువులు

పెద్ద చదువులవాడి కథ చెప్పాం. ఇప్పుడు చిన్నోళ్ళ కథ చెప్పాలి, మనకి అదే ముఖ్యం.

1968 మార్చి 16. మై లాయ్ అనే పల్లె. అమెరికా సైనికులు పొద్దున్నే దిగి ముసలివాళ్ళనీ ఆడవాళ్ళనీ పసిపిల్లల్నీ కాల్చి గుంటలోకి తోశారు. ఆడవాళ్ళని చెరిచి చంపారు. వియత్నాం లెక్కలో చనిపోయింది 504 మంది. అమెరికా సైన్యం లెక్కలోనే 347. ఆ రోజు సైన్యం పత్రికలకి ఇచ్చిన వార్త ఏమిటో తెలుసా? 128 మంది శత్రువుల్ని చంపాం అని.

అది వింటే మీకేం గుర్తొస్తోంది? 1985 కారంచేడు, 1991 చుండూరు మనకి నేర్పిన పాఠం ఏమిటి? పల్లె మీద దాడి జరిగిన ప్రతిసారీ మొదటి కాగితంలో రాసే మాట 'ఇరువర్గాల ఘర్షణ'. శవం ఒకవైపే ఉంటుంది, వర్గాలు మాత్రం రెండుంటాయి. మొదటి కాగితం ఎవడు రాస్తాడో వాడిదే కథ అవుతుంది. ఆ తర్వాత మన బతుకంతా ఆ మొదటి కాగితంతో కొట్లాటే.

మై లాయ్‌లో ఆ రోజు హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ నడిపేవాడు పైనుంచి చూశాడు. కిందికి దింపి, సైనికులకీ పల్లెజనానికీ మధ్య నిలబడ్డాడు. వీళ్ళ మీద కాల్పులు జరిపితే మనవాళ్ళనైనా కాల్చండని తన తోటివాళ్ళు ఇద్దరికి చెప్పాడు. కొందరిని బతికించాడు. వెనక్కిపోయి పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు నొక్కేశారు. ఏడాది గడిచింది. రాన్ రైడెన్‌అవర్ అనే ఇంకో సిపాయి, ఆ రోజు అక్కడ లేనివాడు, తోటి సిపాయిల నోట విన్నది ఒక్కొక్కటే పోగుచేసి 1969 మార్చిలో ఉత్తరం రాశాడు. ఒకరికి రాస్తే చింపేస్తారని కాంగ్రెస్ సభ్యులకీ అధికారులకీ దాదాపు ముప్పై మందికి పంపాడు. విచారణ కదిలింది. నవంబరులో సైమర్ హెర్ష్ అనే విలేకరి లోకానికి చెప్పాడు. సైన్యం ఫొటోగ్రాఫర్ తన సొంత కెమెరాతో తీసిన ఫొటోలు పత్రికలో పడ్డాయి.

శిక్ష? ఇరవైమందికి పైగా మీద నేరాలు మోపారు, శిక్షపడింది లెఫ్టినెంట్ కేలీ ఒక్కడికే. యావజ్జీవం అన్నారు, మూడున్నరేళ్ళు ఇంట్లో కాపలా పెట్టి వదిలేశారు. నిజం చెప్పిన థాంప్సన్‌ని ద్రోహి అన్నారు, బెదిరించారు, శిక్షిస్తే అతన్ని శిక్షించాలని ఒక కాంగ్రెస్ సభ్యుడే అన్నాడు. సైన్యం అతనికి మెడల్ ఇచ్చింది 1998లో, 30 ఏళ్ళకి.

ఇంకొకడు హాల్ నైట్. వైమానిక దళంలో రాడార్ దగ్గర పనిచేసే అధికారి. 1969 మార్చి నుంచి 14 నెలలు అమెరికా విమానాలు పక్కదేశం కంబోడియా మీద రహస్యంగా బాంబులేశాయి. వియత్నాం మీద వేసినట్టు దొంగలెక్క రాయాలి, అసలు కాగితాలు కాల్చేయాలి. ఆ కాల్చే పని నైట్‌ది. తర్వాత సెనేటరుకి ఉత్తరం రాసి, 1973లో సెనేట్ కమిటీ ముందు చెప్పాడు.

ఇక్కడే అసలు ప్రశ్న వేసుకోవాలి. ఈ రహస్యం ఎవరికి తెలియకుండా? కంబోడియా రైతుకి తెలియకుండానా? వాడి నెత్తినే కదా బాంబు పడింది! శత్రువుకి తెలియకుండానా? వాడు గుంటలు చూస్తూనే ఉన్నాడు. తెలియంది ఒక్కళ్ళకే: పన్ను కట్టిన అమెరికా జనానికి, కొడుకుని పంపిన తల్లికి. యుద్ధరహస్యం పేరుతో దాచేదాంట్లో చాలాభాగం శత్రువు నుంచి దాచేది కాదు, సొంత జనం నుంచి దాచేది.

అన్నీ బజార్లో పెట్టమంటున్నామా? కాదు. రేపు దళం ఏ దారిన పోతుందో చెబితే సిపాయి చస్తాడు. ఆ సిపాయి కూడా మన పిల్లాడే. ఎల్స్‌బర్గ్ కూడా సంధి మంతనాలకి సంబంధించిన నాలుగు సంపుటాలు పత్రికలకి ఇవ్వలా. సిపాయి ప్రాణం కాపాడే రహస్యం వేరు, మంత్రి కుర్చీ కాపాడే రహస్యం వేరు. ముద్ర రెండింటి మీదా ఒకటే ఉంటుంది. తేడా తేల్చే హక్కు ముద్ర కొట్టినవాడికే వదిలేస్తే, దొంగ చేతికి తాళమిచ్చినట్టే.

మన దగ్గరి బీరువా

మన దేశంలో అధికార రహస్యాల చట్టం ఉంది. ఎప్పటిది? 1923ది. తెల్లదొర చేసింది. కర్జన్ 1904లో బిగించినదాన్నే ఇంకా బిగించి తయారుచేశారు. తెల్లదొర పోయాడు, చట్టం ఉంది. ఇంగ్లండు వాళ్ళు తమ పాత చట్టంలో అన్నిటినీ రహస్యమనే సెక్షనుని 1989లో తీసేసి కొత్తది చేసుకున్నారు. మనం వాళ్ళ పాతబట్టలే ఇంకా తొడుక్కుంటున్నాం. 2006లో పరిపాలనా సంస్కరణల సంఘం ఈ చట్టం రద్దు చేయమంది. వినలా.

తెలంగాణ అన్నలకి ఒక సంగతి చెప్పాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనికచర్య జరిగింది. దానికి పోలీసు చర్య అని పేరుపెట్టారు. సైన్యాన్ని పోలీసు అనడం దగ్గరే రహస్యం మొదలైంది. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ విచారించమని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపాడు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ బృందం రాసింది. ఆ నివేదికని ప్రభుత్వం ప్రచురించలా. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో జనం చూడటానికి దొరికింది 2013లో. 65 ఏళ్ళు! సాక్షులు పోయారు, విధవలు పోయారు, అప్పుడు కాగితం బయటికొచ్చింది. 1962 చైనా యుద్ధంలో ఎందుకు ఓడామో రాసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక సంగతీ అంతే. 50 ఏళ్ళు దాటినా ప్రభుత్వం ఇవ్వలేదు, 2014లో ఒక విదేశీ రచయిత దాంట్లో ఒక భాగం బయటపెట్టాడు.

2019లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కాగితాలు పత్రికల్లో పడితే, అవి దొంగ కాగితాలు, కోర్టు చూడకూడదని ప్రభుత్వం వాదించింది. మన సుప్రీంకోర్టు ఏప్రిల్ 10న ఆ వాదన తోసేసింది. ఆ తీర్పులో అమెరికా కోర్టు 1971లో చెప్పిన తీర్పుని ఉదహరించింది. చూశారా, ఎక్కడో రాత్రిపూట జిరాక్సు తీసిన కాగితం ఇక్కడ ఢిల్లీ కోర్టులో పనికొచ్చింది. ఆఖరికి ఆ కొనుగోలు మీద విచారణ వేయలేదు, అది వేరే సంగతి.

మరి ఇక్కడ నిజం చెప్పినవాడి గతేంటి? సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు, స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. నా పేరు బయటపెట్టొద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అన్నీ రహస్యమనే ప్రభుత్వం, రహస్యంగా ఉంచాల్సిన ఆ ఒక్క పేరూ ఉంచలేకపోయింది! ఆయన చావు తర్వాత ఎంతో గొడవైతే 2014లో నిజం చెప్పేవాళ్ళకి రక్షణ చట్టం అయింది. రాష్ట్రపతి సంతకం పడింది గాని, అమలు తేదీ ప్రకటించకుండా పదేళ్ళు గడిపేశారు. పైగా 2015లో దేశభద్రత కాగితాలకి ఇది వర్తించదని సవరణ బిల్లు లోక్‌సభలో ప్యాస్ చేసుకున్నారు. మురిగిపోయింది గాని, వాళ్ళ మనసు ఏమిటో తెలిసింది.

మనం చేయాల్సింది

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అది ఢిల్లీ పెద్దలు దయతో ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో కరువుపనికి పోయిన కూలీలు మా మస్టరు రోల్ చూపించండని 1990ల్లో కొట్లాడారు. కాగితాలు బయటికివ్వం అన్నారు ఆఫీసర్లు. 1994 నుంచి పల్లెల్లో బహిరంగ విచారణలు పెట్టి, పేరు పేరునా చదివి, చచ్చినవాడికి కూలి ఎట్లా ఇచ్చారని నిలదీశారు. చదువురాని ఆడవాళ్ళు కరణం కట్ట విప్పించారు! ఆ చట్టం 8(2) సెక్షను ఏం చెబుతుందంటే, అధికార రహస్యాల చట్టం ఉన్నా సరే, జనానికి జరిగే మేలు ఎక్కువైతే కాగితం ఇవ్వొచ్చని. 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిందైతే 48 గంటల్లో ఇవ్వాలి. మనవాణ్ణి స్టేషనుకి పట్టుకుపోయినప్పుడు ఈ 48 గంటల మాట గుర్తుండాలి. 2023లో వ్యక్తిగత డేటా చట్టం పేరుతో ఈ హక్కుకి కూడా కత్తెర పెట్టారు. మనం వాడకపోతే మిగిలింది కూడా తీసేస్తారు.

కాబట్టి ప్రతి పల్లెలో మూడు పనులు జరగాలి. ఒకటి, దాడి జరిగిన గంటలోనే మన మొదటి కాగితం మనమే రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, చూసిందెవరు. రైడెన్‌అవర్‌లాగా ఒకరికి కాదు, ముప్పై మందికి పంపాలి. రెండు, వచ్చిన ప్రతి కాగితం, ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, పట్టా, జిరాక్సు తీసి మూడు చోట్ల దాచాలి. మూడు, ఆఫీసులో మనోడు గుమాస్తాగానో అటెండరుగానో హోంగార్డుగానో ఉండి నిజం చెబితే, వాడి పేరు మన నోట రాకూడదు. వాడి మీదకి వస్తే ఊరంతా వాడి వెనక నిలబడాలి. ఎల్స్‌బర్గ్‌కి లాయర్లున్నారు, పత్రికలున్నాయి. మన అటెండరుకి మనం తప్ప ఎవరూ లేరు.

ఇంకొక్క మాట. యుద్ధం వచ్చినప్పుడల్లా టీవీలో, పేపర్లో అందరూ ఒకే గొంతుతో అరుస్తారు. అప్పుడు ప్రశ్న అడిగినవాణ్ణి దేశద్రోహి అంటారు. ఆ రోజు 416 మందిలో ఒక్కడన్నా లేచి ఆ దాడికి రుజువేదని అడిగి ఉంటే, ఎన్ని లక్షల ప్రాణాలు నిలిచేవో. బాబాసాహెబ్ 1920లో పెట్టిన మొదటి పత్రిక పేరు మూక్‌నాయక్. మూగవాళ్ళ నాయకుడు అని. మనల్ని మూగవాళ్ళుగా ఉంచడమే వాళ్ళ మొదటి రహస్యం. నోరు తెరవడం మన మొదటి పని.

మా పిల్లాడు సైన్యంలో చేరితే గర్వపడతాం. గర్వపడుతూనే, వాణ్ణి ఎందుకు పంపుతున్నారో చెప్పమని అడుగుతాం. చెప్పకపోతే కాగితం చూపించమంటాం. చూపించకపోతే, చూపించినవాడి పక్కన నిలబడతాం.

జై భీమ్.